గొర్రెపిల్లల డబ్బా

ఆ రోజు పొద్దున్నే కొడుకు ఒంటెను తొక్కాడు.

"అమ్మా!" అని కేక పెట్టి, ఒంటికాలి మీద గెంతుతూ గోడ పట్టుకున్నాడు. "బాత్రూము దారిలో ఒంటె ఏంటమ్మా?"

"దాని దారికి నువ్వే అడ్డొచ్చావు," అంది తల్లి వంటింట్లోంచి, పాలు పొంగకుండా చూసుకుంటూ. "ఇవాళ్టితో దాని ప్రయాణం అయిపోతుంది. ఒక్కరోజు కింద చూసి నడవలేవూ?"

"బస్సు నడిపేవాణ్ణి నేను. నాకే దారి నేర్పుతున్నావా?" అని అతను కుంటుకుంటూ వెళ్ళి ఇంటి చెప్పుల్లో కాలు పెట్టాడు. లోపలినుంచి చెంచా ఒకటి బయటపడింది. "ఇదెవరి పనో నాకు తెలుసు," అన్నాడు. మంచం పక్కన నిలబడి ఉన్న నేరస్తురాలు రెండు చేతులూ తట్టి నవ్వింది.

ఆ ఇంట్లో డిసెంబరు వస్తే జంతువులు బయల్దేరతాయి. ఒంటెలు, గాడిద, ఆవు, గొర్రెపిల్లలు, వాటి వెనక కాపరి, ముగ్గురు జ్ఞానులు. అన్నీ చెక్కవే. వంటింటి మూలనుంచి మొదలుపెట్టి, రోజుకు కాస్త చొప్పున జరుగుతూ, క్రిస్మస్ ముందురోజు సాయంత్రానికి ముందుగదిలో చెట్టు కిందున్న పశువులపాకకు చేరుకోవాలి. బాలయేసు మాత్రం మర్నాడు పొద్దున్న వస్తాడు. వీళ్ళందరినీ జరిపే హక్కు ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ళది. వడ్రంగి అయిన ఇంటిపెద్ద, కొడుకు తండ్రి, తలుపులూ కిటికీలూ చేయగా మిగిలిన ముక్కలతో, మధ్యాహ్నం భోజనం చేశాక దొరికే కాసేపట్లో, ఒక్కొక్కటే చెక్కుతూ ఈ ఆచారం పెట్టారు. ఆయన పోయి రెండేళ్ళు దాటింది. ఇంట్లో ఇంకెవరూ చిన్నవాళ్ళు లేక, మీసాలొచ్చి పెళ్ళయిన కొడుకే మొన్నమొన్నటిదాకా గొణుక్కుంటూ ఒంటెల్ని తోలాడు. ఈ ఏడు ఆ ఉద్యోగం పిచ్చుకకు వచ్చింది.

పిచ్చుక ఆ ఇంటి మనవరాలు. ఏడాదిన్నర పిల్ల. ఏది దొరికినా ముందు నోట్లో పెట్టి రుచి చూస్తుంది. నచ్చకపోతే తీసుకెళ్ళి ఎవరి చెప్పులోనో దాచేస్తుంది. దాన్ని చూసి ఇల్లంతా మురిసిపోతుంటే, కన్నతల్లికి మాత్రం ఆ నెలంతా గుండె గుప్పెట్లోనే ఉంది.

కోడలిది ఇన్సూరెన్సు ఆఫీసులో ప్రమాదాల క్లెయిములు చదివే ఉద్యోగం. మెట్లమీద జారినవాళ్ళు, ఇస్త్రీపెట్టె మర్చిపోయినవాళ్ళు, మూత లేని సీసా పిల్లలకు అందేలా పెట్టినవాళ్ళు, రోజంతా ఆమె బల్లమీదికి వస్తుంటారు. సాయంత్రం ఇంటికొచ్చాక కుర్చీ కుర్చీలా కనబడదు, కిటికీ కిటికీలా కనబడదు. "మా ఆవిడ పెళ్ళిచూపుల్లో నన్ను చూడలేదు, నా వెనక వేలాడుతున్న ఫ్యాను గట్టిగా ఉందో లేదో చూసింది," అని మొగుడు అందరికీ చెప్పి నవ్వించేవాడు. ఆమె కూడా నవ్వేది. నవ్వి, వెళ్ళి ఎక్కడైనా మేకు ఊడిందేమో చూసి వచ్చేది.

డిసెంబరు మొదటి రోజున ఆమె టాయిలెట్ పేపరు అయిపోయాక మిగిలే అట్ట గొట్టం ఒకటి పట్టుకొచ్చి, మామగారి జంతువుల్ని ఒక్కొక్కటే అందులో దూర్చి చూసింది.

"ఏంటమ్మాయ్ అది?" అని అడిగింది అత్తగారు.

"ఈ గొట్టంలో పట్టేదేదైనా పిల్ల గొంతులో పడుతుంది అత్తయ్యా. పట్టనివి మాత్రమే ఇద్దాం."

ఒంటెలు పట్టలేదు. గాడిద పట్టలేదు. తొట్టితో సహా చెక్కిన బాలయేసూ పట్టలేదు. బొటనవేలంత గొర్రెపిల్లలు మాత్రం ఐదూ ఒకదాని వెంట ఒకటి గొట్టంలోంచి జారి కింద పడ్డాయి. కోడలు వాటిని బిస్కట్ల డబ్బాలో వేసి మూత బిగించి బీరువా మీద పెట్టేసింది. అత్తగారి ముఖం మాడిపోయింది.

"గొర్రెలు లేని కాపరి ఎందుకు, ఊరికే కర్ర పట్టుకుని నిలబడ్డానికా? మా ఆయన చెక్కిన బొమ్మలకు పాసూ ఫెయిలూ నువ్వు వేస్తావా?"

"వచ్చే ఏడు ఇద్దాం అత్తయ్యా."

"వచ్చే ఏడు, వచ్చే ఏడు. నా కొడుకు వాటితోనే పెరిగాడు. ఏమైంది వాడికి? ఏం కాదు."

ఏం కాదు. ఆ ఇంట్లో తల్లీకొడుకులిద్దరికీ ఊతపదం అదే. జ్వరమొస్తే ఏం కాదు, వానలో తడిస్తే ఏం కాదు, మేడ మెట్లకు కటకటాల తలుపు ఎందుకు, ఏం కాదు. ఆ మాట వింటే కోడలికి ఒళ్ళు మండేది. ఆమె దగ్గరికొచ్చే కాగితాల్లో సగం ఆ మాటతోనే మొదలై ఉంటాయని ఆమె నమ్మకం.

ఆ రోజు ఆఫీసు ఒంటిపూట. బయల్దేరుతూ గుమ్మంలో ఆగి, "డబ్బా తీయకండి అత్తయ్యా," అంది.

"తీయనులేవమ్మా. నువ్వు వెళ్ళు, ఆలస్యమవుతుంది," అంది అత్తగారు.

తీయకూడదనే అనుకుంది కూడా. కానీ పదకొండు దాటాక, పిచ్చుక చివరి ఒంటెను రెండు చేతులా ఎత్తుకుని, తూలుతూ తూలుతూ వెళ్ళి పాక ముందు పెట్టి, వెనక్కి తిరిగి నానమ్మను చూసింది. శభాష్ అనిపించుకోవాలని నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. అచ్చం తాత నిలబడినట్టే. తాతను ఆ పిల్ల చూడలేదు, ఆయన ఒళ్ళో కూర్చోలేదు. ఆయన చెయ్యి తగిలినవంటూ ఇంట్లో మిగిలింది ఈ చెక్క ముక్కలే. అత్తగారు ఇక ఆగలేకపోయింది. కుర్చీ వేసుకుని బీరువా మీది డబ్బా దించింది.

ఒక్కసారి ముట్టుకోనిచ్చి మళ్ళీ పెట్టేద్దాం, నేను పక్కనే ఉంటానుగా, అనుకుంది. పక్కనే ఉంది కూడా. కేకు అడుగంటుతున్న వాసన వచ్చి వంటింట్లోకి వెళ్ళినంతసేపు తప్ప.

కోడలు తాళం తీసుకుని లోపలికి వచ్చింది సరిగ్గా అప్పుడే. గుమ్మం పక్కన, చెప్పుల దగ్గర కూర్చుని ఉంది పిచ్చుక. బుగ్గలో ఏదో ఉంది. నములుతోంది. గదిలో డబ్బా మూత తీసి ఉంది.

"నోట్లో ఏంటది!"

ఆ అరుపుకు పక్కింటి కుక్క కూడా మొరిగింది. పిల్ల ఉలిక్కిపడింది. ఒక్కసారి గాలి లోపలికి పీల్చింది. ఆ వెంటనే దగ్గు. ఆగని దగ్గు. ముఖం ఎర్రబడింది, పెదవులు నల్లబడ్డాయి, కళ్ళు తల్లినే చూస్తూ పెద్దవయ్యాయి. కోడలు పిల్లను ముంజేతి మీద బోర్లా వేసి వీపు మీద చరిచింది. మళ్ళీ చరిచింది. పిల్ల కెవ్వుమంది. ఏడుపు వచ్చిందంటే ఊపిరి ఉన్నట్టే. నోట్లో చూస్తే ఏమీ లేదు.

అత్తగారు పరుగెత్తుకొచ్చి చేతిలో గరిటె వదిలేసింది.

"ఎన్ని తీశారు?" అంది కోడలు. ఆమె గొంతు ఆమెకే కొత్తగా ఉంది.

"అన్నీ... ఐదూ..."

నేల మీద నాలుగే ఉన్నాయి.

వెతకడానికి కూడా ఆగలేదు వాళ్ళు. పిల్లను ఎత్తుకుని కోడలు వీధిలోకి పరుగెత్తింది. వెనకే అత్తగారు, చెప్పులు లేకుండా, తలుపు వేసిందో లేదో తెలియకుండా. టాక్సీలో కోడలు పిల్ల వీపు మీంచి చెయ్యి తీయలేదు. పిచ్చుక మాత్రం ఏడుపు మాని, కిటికీలోంచి వీధుల్లో కట్టిన నక్షత్రాలను చూపిస్తూ "అదీ, అదీ" అంది. పిల్ల ఎంత హుషారుగా ఉంటే తల్లికి అంత భయం వేసింది. ఇలా ఆడుతూ ఆడుతూ ఉన్నట్టుండి ఆగిపోయిన పిల్లల కాగితాలు ఆమె చదివింది.

ఆసుపత్రిలో పిల్లల డాక్టరమ్మ ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టగానే పిచ్చుక ఆసుపత్రి ఎగిరిపోయేలా ఏడ్చింది. ఆ ఏడుపులో డాక్టరమ్మకు ఏమీ వినబడలేదు. ఎక్స్‌రే తీశారు. అందులోనూ ఏమీ లేదు.

"చెక్క ఎక్స్‌రేలో కనబడదమ్మా," అంది డాక్టరమ్మ. "కానీ బొటనవేలంత బొమ్మ గొంతులో ఉంటే పిల్ల ఇలా ఉండదు. మింగేసి ఉంటే దానంతటదే వచ్చేస్తుంది. కాసేపు ఇక్కడే కూర్చోండి, చూద్దాం."

వరండాలో బెంచీ మీద కూర్చున్నాక కోడలు నోరు తెరిచింది.

"మీకు చెప్పి వెళ్ళాను."

అత్తగారు చెప్పుల్లేని కాళ్ళను బెంచీ కిందికి లాక్కుంది.

"నెల రోజుల్నుంచి చెప్తున్నాను. మీకూ మీ అబ్బాయికీ నేనంటే వేళాకోళం. నా భయం మీకు కాలక్షేపం. ఏం కాదు, ఏం కాదు. ఇప్పుడు అనండి అత్తయ్యా. ఆ ఎక్స్‌రే ముందు నిలబడి అనండి!"

"దానికి వాళ్ళ తాతను చూపించాలనుకున్నానే..."

"తాత లేరు అత్తయ్యా! ఇది ఉంది. ఇది ఉండాలి నాకు!"

అన్నాక ఆమెకే భయమేసింది. అత్తగారు పైట చెంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ, గోడకేసి చూస్తూ కూర్చుంది.

అప్పుడు ఫోను మోగింది. గొర్రెను వెతకమని కోడలు ఆసుపత్రినుంచి చెప్పగానే, డిపోలో బస్సు అప్పగించి ఇంటికి పరుగెత్తిన మొగుడు.

"దొరికింది! గొర్రె దొరికింది! నా చెప్పులో నిద్రపోతోంది. మీరిద్దరూ కలిసి నా ప్రాణం తీశారు. వచ్చేయండిక."

కోడలు ఫోను పట్టుకునే ఏడ్చేసింది. అటు వెళ్తున్న డాక్టరమ్మకు చెబితే ఆవిడా నవ్వింది. "చెప్పాను కదా. తీసుకెళ్ళండి, పండగ చేసుకోండి," అంది. నర్సు పిచ్చుక బుగ్గ గిల్లింది. అత్తగారు కళ్ళు తుడుచుకుని, "ఏం కా..." అనబోయి, కోడలి ముఖం చూసి ఆ మాట మింగేసింది.

మెట్ల దగ్గరికి వచ్చారు. పిచ్చుక తల్లి భుజం మీద వాలి నిద్రలోకి జారుకుంటోంది. దాని నోరు కోడలి చెవికి ఆనుకుని ఉంది.

అప్పుడు వినబడింది.

సన్నటి ఈల. పిల్ల గాలి వదిలినప్పుడల్లా, ఎక్కడో లోపల, మూయని కిటికీ సందులోంచి గాలి వచ్చినట్టు. కోడలు ఆగిపోయింది. ఊపిరి బిగబట్టి మళ్ళీ విన్నది. ఉంది.

వెనక్కి వెళ్ళాలి. వెళ్తే గొర్రె దొరికింది కదా అంటారు. ఎక్స్‌రే బాగుంది కదా అంటారు. ఇందాకే అత్తగారిని అన్ని మాటలు అని, అదంతా ఉత్తదే అని తేలిపోయాక, ఇప్పుడు మళ్ళీ ఏ ముఖం పెట్టుకుని వెళ్ళడం? ఒకవేళ ఇది నిజంగా తన పిచ్చే అయితే? ఈ భయం తగ్గే జబ్బు కాదేమో, పిల్లకు కాదు, తనకే మందు కావాలేమో. చేతిలో ఫోనులో మొగుడు ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. "టాక్సీ ఎక్కారా? ఇంక చాలు, ఇంటికి రా. ఏం కాదు."

"ఏమైందే?" అంది అత్తగారు.

"ఏం లేదు అత్తయ్యా. మీరు నవ్వుతారు."

"నవ్వనులే. చెప్పు."

"ఈల... దీని ఛాతీలో ఈల వినిపిస్తోంది."

అత్తగారు నవ్వలేదు. దగ్గరకొచ్చి, మనవరాలి వీపు మీద చెవి పెట్టింది. వయసు మీదపడి మందగించిన చెవి, ఆవిడకేమీ వినబడలేదు. ఎడమ పక్క పెట్టింది, కుడి పక్క పెట్టింది. ఏమీ లేదు. తలెత్తి కోడలి కళ్ళల్లోకి చూసింది. తర్వాత ఆమె చేతిలోంచి ఫోను తీసుకుంది.

"ఒరేయ్. ఆ గొర్రె నీ చేతిలో ఉందా?"

"ఉందమ్మా. ఎందుకు?"

"కాళ్ళు లెక్కపెట్టు."

"ఏంటీ?"

"చెప్పింది చెయ్యి. నీ చిన్నప్పుడు నువ్వు వాటిలో ఒకదాని కాలు విరగ్గొడితే నాన్న బంకతో అతికించారు. ఆ గొర్రేనేమో చూడు. కాళ్ళు నాలుగూ ఉన్నాయా?"

తర్వాత అతని గొంతు వచ్చింది. అందులో వేళాకోళం లేదు.

"మూడే ఉన్నాయమ్మా."

కోడలికి అప్పటికే వినబడింది. వెనక్కి తిరిగి పరుగెత్తింది.

నిద్రపోతున్న పిల్ల ఛాతీ మీద డాక్టరమ్మ ఈసారి చాలాసేపు విన్నది. ఎడమ పక్క, కుడి పక్క, మళ్ళీ ఎడమ. ముఖంలో నవ్వు పోయింది. "కుడి వైపు గాలి సరిగ్గా ఆడటం లేదు," అంది. "ఏడుస్తుంటే వినబడలేదు. మీరు వెనక్కి రావడం మంచిదైంది. మత్తిచ్చి, సన్నటి గొట్టం లోపలికి పంపి తీయాలి. ఆలస్యం చేయకూడదు."

పిల్లను చేతుల్లోంచి తీసుకుని తలుపు మూశారు. తలుపు మీది అద్దంలోంచి తెల్ల గోడ తప్ప ఏమీ కనబడదు. దూరంగా ఎవరో పిల్లలు క్రిస్మస్ పాట సాధన చేస్తున్నారు, ఒకే చరణం దగ్గర తప్పి మళ్ళీ మొదలుపెడుతున్నారు.

కోడలు ఆ తలుపు ముందే నేల మీద కూర్చుండిపోయింది.

"నేను అరవకపోతే అది ఉలిక్కిపడేది కాదు అత్తయ్యా," అంది మెల్లగా. "బుగ్గలో పెట్టుకుని ఊరికే నములుతోంది. నేను అరిచాకే లోపలికి పీల్చింది. నేను చూశాను. మీతో చెప్పలేదు. నా భయమే దాని గొంతులో పడింది."

అత్తగారు గోడ పట్టుకుని, మోకాళ్ళు నొప్పెడుతున్నా, పక్కనే కింద కూర్చుంది.

"డబ్బా తీసింది నేను. మూత పెట్టకుండా కేకు కోసం లేచింది నేను. పిల్ల నోట్లో ఏదో ఉంటే ఏ తల్లి అరవదు? నువ్వు అరిచావు, వీపు చరిచావు, ఎత్తుకుని పరుగెత్తావు. నేను గరిటె పట్టుకుని నిలబడ్డాను."

ఇద్దరూ ఏడ్చారు. ఎవరి చెయ్యి ఎవరు పట్టుకున్నారో తెలియదు. కాసేపటికి కోడలు చిన్నపిల్లలా అడిగింది.

"ఒక్కసారి అనండి అత్తయ్యా. ఏం కాదని. మీరంటే నమ్ముతాను."

అత్తగారు నోరు తెరిచింది. జీవితమంతా నీళ్ళు తాగినంత సులువుగా అన్న మాట. ఇప్పుడు రాలేదు. తల అడ్డంగా ఊపి, కోడలి తలను తన భుజానికి అదుముకుంది. ఆవిడ ఒళ్ళంతా వణుకుతోంది. ఈ మనిషికీ భయముందని, ఆ మాట కింద ఇన్నాళ్ళూ దాన్నే దాచుకుందని కోడలికి అప్పుడు తెలిసింది.

మొగుడు యూనిఫాంలోనే వచ్చాడు. చేతిలో మూడుకాళ్ళ గొర్రెపిల్ల ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు పట్టుకుని ఉన్నాడు. నేల మీద ఉన్న ఇద్దరినీ చూసి వాళ్ళ పక్కనే చతికిలబడ్డాడు.

తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ చేతిలో చిన్న సీసా, అందులో బియ్యపు గింజ కంటే కాస్త పెద్దగా చెక్క ముక్క.

"వచ్చేసింది," అంది. "పిల్ల బాగుంది."

మర్నాడు పొద్దున్న, క్రిస్మస్. ఆసుపత్రి గదిలో మంచం మీద పిచ్చుక కూర్చుని, గొంతు బొంగురుపోయి, కాకిలా మాట్లాడుతోంది. పక్క కుర్చీలో మొగుడు కూర్చునే నిద్రపోతున్నాడు. అత్తగారు వచ్చింది. ఈసారి కాళ్ళకు చెప్పులున్నాయి. సంచీలోంచి తొట్టిలో పడుకున్న బాలయేసును తీసింది, దాంతోపాటు ఒక అట్ట గొట్టం.

కోడలి ముందు నిలబడి, బాలయేసును గొట్టంలో దూర్చి చూపించింది. పట్టలేదు. తలకిందులు చేసి మళ్ళీ దూర్చింది. పట్టలేదు. తొట్టి కాళ్ళు ఒక్కొక్కటీ లాగి చూసింది.

"గట్టిగా ఉన్నాయి," అంది. "అయినా నువ్వు కూడా లాగి చూడు. నువ్వు సరేనంటేనే ఇస్తాను."

కోడలు ఆ బొమ్మను చేతిలోకి తీసుకుంది. ఉలి గాట్లు అరిగి నున్నబడిన చోట వేలితో తడిమింది. ఆ మామగారిని ఆమె కొద్ది రోజులే ఎరుగును. కొత్త కోడలు వచ్చిన వారానికే, అడక్కుండా, మేడ చెక్కమెట్ల అంచులన్నీ చిత్రిక పట్టి గుండ్రం చేశారాయన. ఎవరైనా పడితే తగలకూడదని. ఆ సంగతి ఇన్నాళ్ళూ మర్చిపోయింది.

"మామగారికీ భయమే అత్తయ్యా," అంది.

"మీ మామగారా? అబ్బో. కొడుకు పుట్టాక ఆరు నెలలు నిద్రపోలేదు," అంది అత్తగారు. "ఆయన పోయాక ఇంట్లో భయపడే మనిషి లేకుండా పోయారు. నువ్వొక్కదానివే భయపడుతుంటే నవ్వాం."

కోడలు బాలయేసును తన చేత్తోనే పిచ్చుక చేతిలో పెట్టింది. పిచ్చుక దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నోటిదాకా తీసుకెళ్ళి, ఆగి, తల్లి ముఖం చూసింది. తల్లి అరవలేదు. చెయ్యి చాచి, మంచం మీద పరిచిన తువ్వాలు చూపించింది. పిచ్చుక బొమ్మను తువ్వాలు మీద పడుకోబెట్టి, "జో" అంది బొంగురు గొంతుతో.

తర్వాత తనూ పక్కనే పడుకుని నిద్రపోయింది. ఇద్దరు ఆడవాళ్ళూ మంచానికి చెరో పక్క వంగి, పిల్ల ఛాతీ మీద చెరో చెవి పెట్టారు.

"నాకేం వినబడటం లేదే," అంది అత్తగారు గుసగుసగా, భయంగా.

కోడలు కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నది.

"ఏమీ లేదు అత్తయ్యా," అంది. "ఊపిరి తప్ప ఏమీ లేదు."

అయినా ఇద్దరూ తలలెత్తలేదు.